అందిన క్షమాపణ

కెల్‌బెక్ ప్రాథమిక పాఠశాలలో పాలకమండలి ఎప్పుడు కూర్చున్నా మొదటి అంశం క్షమాపణలే. రాలేనివాళ్లు ముందుగా కబురు పంపుతారు, కార్యదర్శి డెస్మండ్ వాళ్ల పేర్లు చదువుతాడు. ఒకప్పుడు ఆ చదువు ఎవరి చెవికీ ఎక్కేది కాదు. అతను చదివేలోపు టీలు పోసుకోవడం, బిస్కెట్ల డబ్బా బల్ల చుట్టూ తిరిగి రావడం అయిపోయేవి.

తనిఖీకి వచ్చినవాళ్లు ఈ మండలికి నిలదీసి అడగడం చేతకాదని రాసిపోయాక అంతా మారిపోయింది. లీడ్స్‌లో ఒక బీమా కంపెనీలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే రోజలిండ్ క్రోమ్ అధ్యక్షురాలైంది. ఇకమీద పద్ధతిగా పనిచేద్దామంది. ముందు బిస్కెట్లు పోయాయి. తర్వాత కొత్త నియమం వచ్చింది. ఊరికే రాలేనంటే చాలదు, కారణం చెప్పాలి, దాన్ని మండలి ఒప్పుకోవాలి. ఆ నియమానికి అందరికంటే ముందు చెయ్యెత్తింది హిల్డా ప్రోక్టర్. స్కూలు బాగుపడాలంటే ముందు మనం బాగుపడాలి కదా అనుకుంది.

సెప్టెంబరు చివర, ఆకులు రాలే రోజుల్లో ఆమె భర్త వాల్టర్ మంచం పట్టాడు. ఊపిరితిత్తులు పూర్తిగా పాడయ్యాయి.

"ఊరు ఊరంతా వచ్చి నా మొహం చూసి అయ్యో అనడం నాకొద్దు హిల్డా. ఎవరికీ చెప్పకు," అన్నాడు.

ఆమె చెప్పలేదు. సమావేశం వచ్చినప్పుడల్లా "రాలేకపోతున్నాను, క్షమించండి" అని మాత్రం రాసి పంపింది. మార్చి మొదట్లో వాల్టర్ పోయాడు.

అంత్యక్రియలయ్యాక స్నేహితురాలు మ్యూరియల్ ఫోను చేసింది. ఆమె కూడా మండలి సభ్యురాలే.

"ఈసారి ఎలాగైనా రావే. చిన్న గది మూసేస్తామంటోంది రోజలిండ్. నువ్వు కాక మనవైపు నలుగురం, అటు నలుగురు. సమానంగా పడితే అధ్యక్షురాలిగా ఆవిడకు రెండో ఓటుంటుంది. నువ్వొస్తే గది నిలబడుతుంది."

"పోయిన వారమైనా వచ్చేదాన్ని."

"హీటరు చెడిపోయిందని సమావేశాన్ని వారం వాయిదా వేసింది కదా."

వరండా చివర ఉన్న ఆ గదిలో, తరగతితో పాటు నడవలేని ఆరుగురు పిల్లలకు విడిగా ఒక టీచరు ఉంది. ఆవిణ్ణి పెద్ద తరగతులకు ఇస్తే ఫలితాలు పెరుగుతాయని రోజలిండ్ లెక్క. ప్రతి గురువారం హిల్డా ఆ గదికి వెళ్లి పిల్లల చేత చదివించేది. వాళ్లలో ఎల్సీ అనే పిల్ల రెండేళ్లపాటు నోరు విప్పలేదు. పోయిన సెప్టెంబరులో ఒకరోజు బొమ్మ మీద వేలు పెట్టి "కప్ప" అని చదివింది. చదివి, ఆ గొంతు ఎవరిదా అన్నట్టు అటూ ఇటూ చూసింది. ఈ మాట మండలిలో చెప్పాలని సమావేశం రోజు దారి పొడుగునా హిల్డా లోలోపల వల్లె వేసుకుంటూ వచ్చింది.

"రా హిల్డా, రా!" అన్నాడు బెర్నార్డ్. గొర్రెలు పెంచే ముసలాయన. "నువ్వు లేక నా జోకులకు నవ్వే దిక్కే లేదు. ఇదిగో, ఇక్కడ కూర్చో, వెచ్చగా ఉంటుంది. హీటరు బాగుచేసినట్టున్నారే?"

"అసలది చెడిపో..." అనబోయి డెస్మండ్ నోరు మూసుకున్నాడు.

"కూర్చునే ముందు ఒక్క మాట, హిల్డా," అంది రోజలిండ్. "వాల్టర్ విషయంలో మా అందరి సానుభూతి. డెస్మండ్, మొదటి అంశం."

డెస్మండ్ తల ఎత్తలేదు. "ఆరు నెలలపాటు మండలి ఒప్పుకోలు లేకుండా రానివాళ్ల సభ్యత్వం దానంతటదే పోతుంది. హిల్డా ప్రోక్టర్ గారికి ఆ ఆరు నెలలు పోయిన శుక్రవారంతో నిండాయి."

"అదేమిటయ్యా? ప్రతిసారీ క్షమాపణ పంపాను కదా."

"అందిందండీ. అందిందనే రాశాను. ఒప్పుకుందామా అని అధ్యక్షురాలు అడిగారు. ఎవరూ ఏమీ అనలేదు."

ఆ నిశ్శబ్దం ఎలా ఉండి ఉంటుందో హిల్డాకు తెలుసు. కెల్‌బెక్‌లో ముందుగా మాట్లాడటం ఎవరికీ ఇష్టం ఉండదు. ఒకరు గొంతు సవరించుకుంటారు, ఒకరు కళ్లద్దాలు తుడుచుకుంటారు, ఈలోపు తర్వాతి అంశం వచ్చేస్తుంది.

"ఏమే మ్యూరియల్, నువ్వున్నావుగా?"

"ఎవరో ఒకరు అంటారనుకున్నానే..."

"మీరు కారణం రాయలేదు," అంది రోజలిండ్ మెత్తగా. "రాసి ఉంటే క్షణంలో ఒప్పుకునేవాళ్లం."

"మీకు తెలుసు కదండీ! మా ఇంటికి సూపు పట్టుకొచ్చారు. ఆయన మంచం పక్కనే కూర్చున్నారు. మీ చెయ్యి పట్టుకున్నాడు ఆయన."

"పొరుగు మనిషిగా వచ్చాను హిల్డా. అక్కడ చూసింది ఇక్కడికి మోసుకురావడం పద్ధతి కాదు. ఎవరికీ చెప్పొద్దని వాల్టర్ నన్నూ అడిగాడు. ఆ మాట నిలబెట్టుకున్నాను."

హిల్డా బల్ల అంచు పట్టుకుంది. "అయితే నన్ను తీసేస్తున్నారా?"

"అయ్యో, మేం తీసేయడమేమిటి? శుక్రవారం నుంచి మీరు లేరు, అంతే."

"మళ్లీ చేర్చుకోవచ్చుగా?" అన్నాడు బెర్నార్డ్.

"తప్పకుండా. దరఖాస్తు పెట్టుకుంటే వేసవి తర్వాత చూద్దాం."

"నాకు ఓటు వద్దు," అంది హిల్డా. "చిన్న గది గురించి ఒక్క మాట చెప్పి వెళ్లిపోతాను. ఎల్సీ..."

"పిల్లల పేర్లొద్దండీ," రోజలిండ్ చెయ్యి అడ్డం పెట్టింది. "పిల్లల సంగతులు బయటివాళ్లతో మాట్లాడకూడదు. ఆ నియమం మీకు తెలుసు."

డెస్మండ్ బల్ల కింది నుంచి పూలగుత్తి తీశాడు. పసుపుపచ్చ డాఫొడిల్స్. వాటికి కట్టిన కార్డు మీద "మీ సేవలకు కృతజ్ఞతలతో" అని ముందే అచ్చువేసి ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. హిల్డా పూలు తీసుకుని వెనక్కి తిరగబోయింది. సంచి తగిలి గ్లాసు పడింది. నీళ్లు రోజలిండ్ కాగితాల మీద పారాయి.

"అయ్యో, క్షమించండి, క్షమించండి," అంది హిల్డా, అలవాటు కొద్దీ.

రోజలిండ్ చేతిరుమాలుతో అద్దుకుంటూ నవ్వింది. "ఒప్పుకున్నాం."

ముందు బెర్నార్డ్ పకపకా నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. మ్యూరియల్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది గానీ, ఆమె భుజాలు కదులుతూనే ఉన్నాయి.

తలుపు మూసుకుంది. హిల్డా వరండాలో, పిల్లల కోట్లు తగిలించే మేకుల కింద ఉన్న పొట్టి బెంచీ మీద కూలబడింది. లోపల నవ్వులు సద్దుమణిగాయి.

"చిన్న గది. ఎవరైనా మాట్లాడతారా?" రోజలిండ్ గొంతు.

ఎవరో గొంతు సవరించుకున్నారు. అంతే.

"అటు నాలుగు, ఇటు నాలుగు," అన్నాడు డెస్మండ్ కాసేపటికి.

ఆ తర్వాతిది వినాల్సిన పని లేదు.

హిల్డా లేచేసరికి మ్యూరియల్ బయటికి వచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. అవి ఏడ్చిన కళ్లో నవ్విన కళ్లో తెలియడం లేదు.

"నన్ను క్షమించవే హిల్డా."

హిల్డా పూలు బెంచీ మీదే వదిలేసి కోటు బొత్తాలు పెట్టుకుంది. మెడ దాకా అన్నీ పెట్టుకుంది.

"అందింది," అంది.