కుట్టుమేడ మోసిన బరువు

పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి కుట్టుమేడ తలుపులు తీసేది కాజాలక్క. తాళం తీశాక భుజంతో గట్టిగా ఒక్క తోపు తోస్తే గాని ఆ తలుపు కదలదు. తర్వాత పై అంతస్తు దాకా ఎక్కి, కిటికీలన్నీ బార్లా తెరిచి, తన స్టూలు మీద కూర్చుని దారానికి మైనం పట్టించుకునేది. ఈలోగా కింద హాల్లో కత్తెరలు మొదలయ్యేవి. కాసేపటికి మధ్య అంతస్తులో కుట్టుమిషన్లు అందుకునేవి.

కింద కత్తిరింపు, మధ్యలో కుట్టు, పైన చేతిపని. తానులుగా వచ్చిన గుడ్డ మెట్లెక్కుతూ ఎక్కుతూ కోటు అయ్యేది. కాజాలు, గుండీలు, అంచులు కుట్టేవాళ్లకి వెలుతురు ఎక్కువ కావాలని పై అంతస్తు నిండా నిలువెత్తు కిటికీలు పెట్టారు ఆ మేడ కట్టినవాళ్లు. కట్టింది ఎవరో కాదు, దర్జీలే. తాతల కాలంలో అందరూ తలా ఒక చెయ్యి వేసి కట్టుకున్నారు. స్థలం మాత్రం మునిసిపాలిటీది. మేడ నిలిచి ఉన్నంతకాలం స్థలం దర్జీలదే, మేడ పోతే స్థలం మునిసిపాలిటీకి పోతుందని ఒప్పందం.

కాజాలక్క అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చొక్కా చిరిగి పీలికలైనా ఆమె కుట్టిన కాజా చెక్కుచెదరదని ఊరంతా అనేవారు. ఇంకో సంగతిలోనూ ఆమెకి పేరుంది. వాళ్లమ్మ తరఫు ఆడవాళ్లందరికీ ఉన్నట్టే ఆమెకీ బరువు ఉంది. మామూలుగా చూస్తే బక్కపలచని మనిషి, గాలొస్తే కొంగు పట్టుకుని నిలబడాల్సిందే. కానీ మనసులో "లేవను" అని అనుకుని కూర్చుందంటే ఇక లేపడం ఎవరి తరమూ కాదు. అత్తగారు పుట్టింటికి పొమ్మన్నప్పుడు వాళ్లమ్మమ్మ గుమ్మంలో కూర్చుంటే, ఇంటివాళ్లు ఆవిణ్ణి జరపలేక గోడకి ఇంకో గుమ్మం కొట్టించుకున్నారు. కాజాలక్కని చిన్నప్పుడు ఆడపిల్లకి లెక్కలెందుకని వేరే తరగతికి పంపబోతే, మాస్టార్లందరూ కలిసి బెంచీతో సహా ఎత్తబోయి నడుములు పట్టుకుని కూర్చున్నారు. దాంతో లెక్కలు చెప్పారు.

ఆమె తమ్ముడికి ఆ బరువు రాలేదు. మగపిల్లలకి రాదని వాళ్లమ్మ చెప్పేది. "ఉన్నదంతా అక్క పట్టుకుపోయింది, నాకు దూదే మిగిలింది," అని అతను నవ్వేవాడు. నిజంగానే మెత్తని మనిషి. మునిసిపాలిటీలో చిన్న ఇంజనీరు. పైనున్న పెద్దింజనీరు ఔనంటే ఔను, కాదంటే కాదు. "మా ఆయన్ని ఎవరు ఎటు ఊదితే అటు ఎగురుతారు," అనేది అతని భార్య పక్కింటావిడతో, వత్తుల డబ్బా మూత పెడుతున్నంత మామూలుగా.

ఆ ఏడాది కుట్టుమేడ పడగొట్టి అక్కడ పెద్ద దుకాణాల సముదాయం కట్టాలని మునిసిపాలిటీలో నిర్ణయమైంది. మేడ శిథిలమైపోయింది, ఏ నిమిషాన ఎవరి నెత్తిన కూలుతుందో తెలియదు అన్నారు. దర్జీలకి ఊరి చివర కొత్త భవనంలో నేలమాళిగ ఇస్తామన్నారు. వెళ్లి చూసొచ్చిన నల్లకోటు తాత రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన జీవితమంతా నల్లకోట్లే కుట్టాడు. నల్లగుడ్డ మీద నల్లదారంతో కుట్టడానికి సూర్యుడు కావాలి.

మూడోరోజున నోరు విప్పాడు. "అక్కడ పొద్దు పొడిచిందో గుంకిందో తెలీదురా. చచ్చాక ఎలాగూ పోయేది మట్టికిందకే. ఇప్పట్నుంచీ ఎందుకు?"

ఆ మాట ఊళ్లోకి పాకింది. కుట్టుమేడ కోటు లేని ఇల్లు ఊళ్లో లేదు. ఒకావిడ తన కొడుకు మొదటి బడి చొక్కా పట్టుకొచ్చి మేడ ముందు తాడు కట్టి ఆరేసింది. చూసినవాళ్లు ఊరుకుంటారా! పెళ్లికి కుట్టించుకున్న కోట్లు, ఉద్యోగం వచ్చిన రోజు తొడుక్కున్న చొక్కాలు, పోయినవాళ్ల గుర్తుగా పెట్టెల్లో దాచిన జుబ్బాలు అన్నీ బయటికొచ్చాయి. వారం తిరిగేసరికి మేడ గోడ కనిపించకుండా బట్టలే వేలాడాయి. గాలి వీస్తే చేతులన్నీ ఒకేసారి లేచేవి. దారినపోయే బస్సులు అక్కడ కాస్త నెమ్మదించేవి.

అయినా ఉత్తర్వు రానే వచ్చింది. శుక్రవారం మేడ ఖాళీ చేయించాలి. చేయించి, శిథిలమైందని కాగితం మీద సంతకం పెట్టాల్సింది తమ్ముడు.

ముందురోజు సాయంత్రం భోజనాల దగ్గర ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. చివరికి అతనే అన్నాడు.

"అక్కా, రేపు నువ్వు రావద్దు. జ్వరమని చెప్పు."

"నాకు జ్వరం లేదు కదరా."

"నా ఉద్యోగం అక్కా అది. పెద్దింజనీరు సార్ రిటైరవుతున్నారు, ఆ కుర్చీ ఖాళీ అవుతోంది. ఈ పని సవ్యంగా జరిగితే నాదేనన్నారు."

మరదలు కంచం వైపు చూస్తూ, "క్వార్టర్లు కూడా ఇస్తారట వదినా," అంది మెల్లగా. ఆ గొంతులో ఆశ ఉంది, సిగ్గూ ఉంది.

"నిజంగా పడిపోయేలా ఉందట్రా మేడ?" అని అడిగింది కాజాలక్క.

తమ్ముడు నీళ్లు తాగాడు. "సార్ చూశారు," అన్నాడు.

"నువ్వు చూశావా?"

అతను మళ్లీ నీళ్లు తాగాడు.

శుక్రవారం పొద్దున కాజాలక్క వెళ్లి తలుపులు తీసింది. దర్జీలందరూ ఆవిడ చుట్టూ చేరారు. "నీ మీదే ఉంది అక్కా," అన్నారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. "అది పిలిస్తే వచ్చే బరువు కాదర్రా. మనసు కూర్చుంటేనే మనిషి కూర్చుంటుంది," అని పైకెళ్లి కిటికీ పక్కన తన స్టూలు మీద కూర్చుంది.

పోలీసులు వచ్చారు. వెనక పెద్దింజనీరు, ఆయన వెనక తమ్ముడు. ఒక మహిళా కానిస్టేబులు మర్యాదగా, "లేవండమ్మా," అంటూ మోచెయ్యి పట్టుకుంది. కాజాలక్క చటుక్కున లేచి నిలబడింది. దూదిపింజ లేచినట్టు లేచింది! హాలంతా ఉసూరుమంది. ఎవరికీ కోపం రాలేదు. గుమ్మం దగ్గర తమ్ముడు నిలబడ్డ తీరు అందరూ చూశారు కదా. తెల్లమొహం వేసుకుని, నలిగిన ఫైలు ఒకటి గుండెకి అదుముకుని ఉన్నాడు. వాణ్ణలా చూస్తూ ఏ అక్క మనసు గట్టి చేసుకుంటుంది?

"అంతే కదమ్మా," అన్నాడు పెద్దింజనీరు సంతోషంగా. "ఏముంది ఇందులో, నాలుగు పాత గోడలు. కొత్తచోట బోలెడన్ని ట్యూబులైట్లు పెట్టిస్తాం."

నల్లకోటు తాత కిటికీ గూట్లో ఉన్న తన సూదులు ఒక్కొక్కటే తీసి గుడ్డలో గుచ్చుకుంటున్నాడు. ఒక సూది జారి నేల మీద పడింది. వంగి వెతికాడు. దొరకలేదు. మోకాళ్ల మీద కూర్చుని, అరచేతితో నేలంతా తడుముతూ వెతికాడు. పోలీసులు ఆయన్ని దాటుకుంటూ తిరుగుతున్నారు.

కాజాలక్క వెళ్లి ఆ సూది తీసి ఆయన చేతిలో పెట్టింది.

"మళ్లీ గూట్లో పెట్టుకో తాతా," అంది. వచ్చి స్టూలు మీద కూర్చుంది.

ఈసారి స్టూలు కిర్రుమంది. ఆ చప్పుడు విని దర్జీలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

ఇద్దరు కానిస్టేబుళ్లు చెయ్యి వేశారు. తర్వాత నలుగురు. తర్వాత కింద జీపు తోలే ఆయన్ని కూడా పిలిచారు, ఆయన వస్తాదు. కాజాలక్క చీర కుచ్చిళ్లు కూడా కదల్లేదు. "చెయ్యి నొప్పెడుతుందేమో చూసుకో నాయనా," అని ఆయన్నే పరామర్శించింది. పెద్దింజనీరుకి పట్టుదల పెరిగింది. పైకప్పు దూలానికి గొలుసు కప్పీ వేలాడదీయించి, స్టూలుకి కొక్కెం తగిలించి లాగించాడు. గొలుసు పటుక్కున తెగింది. లారీ క్రేను తెప్పించి కిటికీలోంచి దాని చెయ్యి లోపలికి పెట్టించాడు. క్రేను ఒకసారి మూలిగింది, రెండోసారి దాని వెనక చక్రాలు రోడ్డు మీంచి పైకి లేచాయి. కింద నిలబడ్డ జనం ఈలలు వేశారు. "మా అక్కరా!" అని ఎవరో అరిస్తే వీధంతా అందుకుంది.

ఈ గొడవంతా విని మునిసిపల్ కమిషనరు మేడమే స్వయంగా వచ్చింది. అంతసేపూ తమ్ముడు అక్క వైపు చూడటం లేదు. నేల వైపు చూస్తున్నాడు. స్టూలు కాళ్లు ఆనిన చోట వంగి గచ్చు మీద వేళ్లతో కొట్టి చూశాడు. గొలుసు తెగిన చోట దూలాన్ని తలెత్తి చూశాడు. గబగబా కింది అంతస్తుకి వెళ్లి, సరిగ్గా అక్క కూర్చున్న చోటు కింద నిలబడి పైకప్పు చూశాడు. కుట్టుమిషన్ బల్ల ఎక్కి దగ్గరగా చూశాడు. మళ్లీ పైకి వచ్చేసరికి అతని జుట్టు నిండా బూజు.

"వచ్చావా? ఇదిగో, ముందు సంతకం పెట్టు. జనాన్ని తర్వాత చూసుకుందాం," అని పెద్దింజనీరు కాగితం అందించాడు.

తమ్ముడు పెన్ను తీసుకున్నాడు. మూత తీశాడు.

"మేడమ్," అన్నాడు. కమిషనరు వైపు తిరిగాడు. మళ్లీ అన్నాడు. "మేడమ్, క్రేను లేపలేని బరువు ఇందాకటి నుంచీ ఈ గచ్చు మీద ఉంది. కింద సున్నం పెచ్చు కూడా రాలలేదు. గొలుసు తెగింది గాని దూలం వంగలేదు. దీన్ని శిథిలం అని నేను రాయలేను."

"నిన్నెవరు అడిగారయ్యా!" అన్నాడు పెద్దింజనీరు.

"రాయమన్నది నన్నే కద సార్."

"నేను చూశానని చెప్పలేదూ?"

"మీరు బయట నుంచి చూశారు. లోపలికి రాలేదు. నేనూ రాలేదు, అది నా తప్పే. ఇవాళ వచ్చాను." పెన్ను మూత పెట్టేశాడు. "ఇంత గట్టి కట్టడం మన ఊళ్లో ఇంకోటి లేదు మేడమ్. మన ఆఫీసు కూడా ఇంత గట్టిది కాదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దింజనీరు అతని రెక్క పట్టుకుని గుమ్మం వైపు లాగాడు. తమ్ముడు వెళ్లలేదు. విడిపించుకునే ప్రయత్నమూ చెయ్యలేదు. అక్క పక్కన ఖాళీగా ఉన్న స్టూలు మీద కూర్చున్నాడంతే. కూర్చోగానే ఆ స్టూలూ కిర్రుమంది.

పెద్దింజనీరు లాగాడు. రెండు చేతులతో లాగాడు. ఆయన బూట్లు గచ్చు మీద జారాయి గాని చిన్నింజనీరు అంగుళం జరగలేదు. తమ్ముడు తన చేతుల వైపు, మోకాళ్ల వైపు వింతగా చూసుకున్నాడు. కాజాలక్క కళ్లు నీళ్లతో నిండాయి. "మగపిల్లలకి రాదంది అమ్మ," అని గొణుక్కుంది.

కమిషనరు మేడమ్ కాసేపు ఆ ఇద్దరినీ చూసింది. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లి, బయట తాళ్ల మీద ఊగుతున్న బట్టల్ని చూసింది. కాలితో గచ్చు మీద ఒకసారి గట్టిగా తన్ని చూసుకుంది.

"నాకేమీ అదిరినట్టు లేదు," అంది. "పడగొట్టే పని రద్దు చెయ్యండి. మరమ్మతులు ఏం కావాలో ఈయన చేతే రాయించండి." పెద్దింజనీరు ఏదో అనబోతే, "మీరు నాతో రండి," అని మెట్లు దిగింది.

వీధిలో అరుపులు మిన్నంటాయి. నల్లకోటు తాత మాత్రం ఇదేమీ పట్టనట్టు సూదిలో దారం ఎక్కించుకున్నాడు, వెలుతురు ఉండగానే కోటు చెయ్యి పూర్తి చెయ్యాలి మరి. కాజాలక్క తేలిగ్గా లేచి చీర దులుపుకుంది.

"లేరా, అయిపోయింది," అని తమ్ముడికి చెయ్యి అందించింది.

అతను లేవబోయాడు. ఒళ్లు పైకి రాలేదు.

"లేవలేకపోతున్నాను అక్కా."

"మొదటిసారి కదా. మనసు తీరాక అదే దిగుతుంది."

"దిగకపోయినా ఫర్వాలేదులే," అన్నాడతను. "ఇలా ఒకచోట ఉండటం ఎలా ఉంటుందో నాకు ఇన్నాళ్లూ తెలీదు."

అలాగే కూర్చున్నాడు. దర్జీలు అతని చుట్టూ పని మొదలుపెట్టారు. ఒకాయన గుండీల పళ్లెం అతని ఒళ్లో పెట్టి వెళ్లాడు. పొద్దు వాలేవేళకి మరదలు వచ్చింది. దారిలోనే అన్నీ విన్నట్టుంది, పెద్దింజనీరు కుర్చీ సంగతీ, క్వార్టర్ల సంగతీ. మెట్లెక్కిన ఆయాసంతో వచ్చి భర్త ఎదురుగా నిలబడింది. హాల్లో అందరూ ఇక మొదలవుతుందని తలలు వంచుకున్నారు.

"మీరు ఇంటికి రారా?" అంది.

"రాలేకపోతున్నానే."

ఆమె నమ్మలేదు. ఒక చేత్తో లాగింది. సంచీ కింద పెట్టి, రెండు చేతులతో, కాలు తన్నిపెట్టి లాగింది. జడ ముడి ఊడిపోయింది. అతను కొండలా ఉన్నాడు. ఆమె వెనక్కి తగ్గి, మెడ పక్కకి వాల్చి, పెళ్లయిన ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడనట్టు అతన్ని చూసింది.

ఇంతలో మేడకి తాళం వెయ్యాలని కిందనుంచి కాపలాదారు వచ్చి, "ఇంకా ఎంతసేపమ్మా, ఆయన్ని లేవమనండి," అన్నాడు.

ఆమె ముడి వేసుకుంటూ అతనివైపు తిరిగింది.

"మా ఆయన లేవరు," అంది, హాలు చివరి దాకా వినిపించేలా. "ఆయన కూర్చున్నారంటే క్రేను తెచ్చినా లేవరు."

ఇంకో స్టూలు లాక్కుని భర్త పక్కన వేసుకుంది.