గేనర్ ఒక్కరోజు జీతం

తప్పు నాది. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకూ తేలిక, వినేవాళ్లకీ తేలిక.

ఇంగ్లండులోని హల్ నగరంలో రేవు పక్కన మాది ఎనిమిది అంతస్తుల మేడ. ఏ ఎన్నికలొచ్చినా పోలింగు మా మేడ కింది హాల్లోనే. బస్సు నడిపే ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆ పోలింగ్ బూత్‌కి అధికారిగా కూర్చునేది నేనే. పొద్దున ఏడింటి నుంచి రాత్రి పదింటి దాకా కదలకూడదు. ఓటర్ల జాబితాలో పేర్లు చూసి గీత కొట్టడానికి నా పక్కన ఇంకొకరుండాలి. 2019 మేలో కౌన్సిల్ ఎన్నికలప్పుడు, ఆ పనికి ఒప్పుకున్నావిడ మోకాలి ఆపరేషనంటూ చివర్లో చేతులెత్తేసింది. అప్పుడు నాకు అయిదో అంతస్తు గేనర్ స్టాథర్స్ గుర్తొచ్చింది.

గేనర్‌కి యాభై రెండేళ్లు. నరాల జబ్బు చేసి పదకొండేళ్లుగా చక్రాల కుర్చీలో ఉంది. అంతకుముందు చేపల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు; ఇరవై మందిని గడగడలాడించేదట. ఆ రోజుల్లోనే బ్యాంకు అప్పుతో ఫ్లాటు కొనుక్కుంది. ఇప్పుడు సర్కారు భృతి మీద బతుకుతోంది. బ్యాంకు వడ్డీ కట్టుకోవడానికి సర్కారే అప్పిస్తుంది. ఫ్లాటు సొంతమే అయినా లిఫ్టుకీ, మెట్ల దీపాలకీ, ఊడ్చేవాళ్లకీ మేడ యజమాని వసూలు చేసే సర్వీసు చార్జీని భృతిలో కలిపి ఇస్తుంది. ఆ రెండూ ఆగితే ఆమెకి ఇల్లు దక్కదు.

అందుకే మొదట వద్దంది. భృతికి అడ్డొస్తుందేమో కనుక్కోమంది. నేను పెద్ద తెలిసినవాడిలా కొట్టిపారేశాను. మూడో అంతస్తులో డూగీ ఉన్నాడు. ఊతకర్ర లేనిదే నడవలేడు, వాడిదీ అదే భృతి. ఏడాది కిందట వాడూ నా పక్కన కూర్చుని డబ్బు తీసుకున్నాడు, ఎవరూ ఏమీ అనలేదు. వికలాంగులు కొంత సంపాదించుకోవచ్చని రూలే ఉంది కదా అన్నాను. ఉంది కూడా. నాకు తెలిసింది సగమే, చెప్పడం మాత్రం అంతా తెలిసినట్టు చెప్పాను.

ఆ రోజు ఆరున్నరకల్లా లిప్‌స్టిక్ వేసుకుని, నీలం కోటు తొడుక్కుని దిగింది. వచ్చినవాళ్లు పేరు చెప్పేలోపే జాబితాలో పట్టేసేది. కుక్కని వెంటబెట్టుకొచ్చిన ఒక పెద్దమనిషితో, ఓటు నీకొక్కడికేనయ్యా, దానికి లేదు అని చెప్పి వరసలో ఉన్నవాళ్లందరినీ నవ్వించింది. మధ్యాహ్నం నేను చేపా చిప్సూ తెస్తే జాబితా ఒళ్లో పెట్టుకునే తింది. చేతులు వణుకుతున్నాయి, కాసేపు పైకెళ్లి పడుకోమంటే నన్ను కసురుకుంది.

జూన్‌లో భృతి ఆఫీసు నుంచి కబురొచ్చింది. కౌన్సిల్ ఇచ్చిన ఆ ఒక్కరోజు డబ్బు జీతం కింద నమోదైంది కాబట్టి ఇంటికిచ్చే ఆ రెండు సాయాలూ ఆపేశారట. తొమ్మిది నెలలు ఒక్క పౌండు కూడా సంపాదించకుండా ఉంటే అప్పుడు మళ్లీ ఇస్తారట. డూగీది అద్దె ఇల్లు, వాడికి ఆ రూలు లేదు. సొంతిల్లు ఉన్నవాళ్లకే ఉంది. ఆ తేడా నా బుర్రకి తట్టనే లేదు.

ఇద్దరం ఆఫీసుకి వెళ్లాం. అక్కడి అమ్మాయి మంచిదే, కంప్యూటర్లో రెండుసార్లు చదివి చూసింది. పదిహేను గంటల పనికి తొమ్మిది నెలల శిక్షా అని నేను నోరు చేసుకున్నాను. రూలు తను రాయలేదంది. నిజమే కదా. గేనర్ నా చొక్కా పట్టుకు లాగి, ఇంటికి పోదాం పద, నాకు ఓపిక లేదు అంది.

తర్వాత ఉత్తరాలు మొదలయ్యాయి. ఒకటి బ్యాంకు నుంచి, ఒకటి మేడ యజమాని లాయరు నుంచి. బాకీ తీర్చకపోతే కోర్టుకెళతామని రెండింట్లోనూ మర్యాదగానే రాశారు. ఆమె భృతి తిండికే, జబ్బుకని విడిగా ఇచ్చే డబ్బు స్నానం చేయించే మనిషికే సరిపోయేది. నాకు నిద్ర పట్టేది కాదు. చివరికి బూత్ అధికారి హోదాలో నేనే ఒక కాగితం రాశాను. గేనర్ ఊరికే సాయానికొచ్చింది, జీతం పొరపాటున వేశారు, వెనక్కి తీసుకోండి అని. సంతకం పెట్టమని పట్టుకెళ్లాను.

కిటికీ దగ్గర కూర్చుని చదివింది. మళ్లీ చదివింది.

"నేను ఊరికే వచ్చానా, విల్ఫ్?"

"ఊరికే రాలేదనుకో. రాసేదానికేముందమ్మాయ్, ఇల్లు నిలబడుతుంది కదా."

"ఆరువందల పన్నెండు మంది. లెక్కపెట్టుకున్నాను. ఒక్కరు కూడా ఇప్పుడెలా ఉంది తల్లీ అని అడగలేదు. పేరు చెప్పారు, కాగితం తీసుకున్నారు, పోయారు. పదకొండేళ్లయింది నేను అలా ఒక పనిలో కూర్చుని."

"తెలుసు. అయినా..."

"తెలిస్తే మరి నేను పని చెయ్యలేదని నా చేత సంతకం పెట్టిస్తావేం?"

కాగితం మడిచి నా జేబులో పెట్టింది. టీ పెట్టమంది. పెట్టాను.

అక్టోబరులో ఫ్లాటు అమ్మేసింది. బ్యాంకు అప్పూ, బాకీలూ పోగా మంచం కొనుక్కునేంత మిగిలింది. ఊరి చివర ఒక అద్దింట్లోకి మారింది. కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ. ఆ ఇంటి అద్దె మొత్తం సర్కారే కడుతోంది. ఇక్కడ ఆపేసిన సర్వీసు చార్జీకి అది అయిదింతలు. ఆఫీసులో ఆ మాటే అంటే, అవునండీ, అద్దె కాబట్టి ఇస్తాం అన్నారు. అరిచే ఓపిక కూడా లేక తిరిగొచ్చేశాను.

ఆదివారాలు రెండు బస్సులు మారి వెళతాను. కబుర్లన్నీ చెబుతుంది, నా మోకాళ్ల నొప్పులు అడుగుతుంది, బిస్కెట్లు పెడుతుంది. పనికి పిలిచింది నువ్వే కదా అని ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. ఒక్కసారి అనేస్తే బాగుండును.