ఎదురు తొట్టె

ఆముదంలో నానిన గోనెపీలికను వేలికి చుట్టుకొని పోశెట్టి ఇరుసు సందులోకి దూర్చాడు. నిన్నటి దుమ్మంతా నూనెలో కలిసి నల్లటి ముద్దయి ఉంది. దాన్ని గోటితో గీకి గుంజకే రాసి, మళ్లీ పీలిక దూర్చాడు. నిచ్చెన మీద నిలబడితే గుట్ట కింది మైదానమంతా కనిపిస్తుంది. ఎల్లారెడ్డి తొవ్వ మీద బండ్లు అప్పుడే వరసకట్టాయి. ఒక్కో బండిలో ఎందరు కూర్చున్నారో, ఎడ్లు ఎంత వంగి నడుస్తున్నాయో చూస్తూ, చెయ్యి దాని పని అది చేస్తుండగా, ఆ రోజు జాతరలో రంగులరాట్నం ఎంత తిరగాలో లెక్క కట్టుకున్నాడు.

"దిగన్నా, అంబలి సల్లారుతది," అని కింద నుంచి స్వామిదాసు పిలిచాడు.

"సల్లారినంకనే గద తాగేది," అన్నాడు పోశెట్టి. కానీ దిగాడు.

నలభై దాటిన మనిషి. చేతులు మోకాళ్ల దాకా వేలాడుతున్నట్టుంటాయి. కుడి భుజం ఎడమ భుజం కంటే రెండు వేళ్లు దిగి ఉంటుంది, ఆ వైపు నుంచే తొట్టెలు నెడతాడు కాబట్టి. అరచేతుల్లో గీతలు ఏనాడో అరిగిపోయి, ఆ చోట పసుపుపచ్చటి కాయలు కాశాయి. నవ్వినా మాట్లాడినా పెదాలు పెద్దగా కదలవు.

రాట్నం యాకూబుది. నిలువునా పాతిన రెండు గుంజలు, వాటి మధ్య ఇరుసు, ఇరుసుకు నాలుగు చేతులు, ఒక్కో చేతికి చివర ఒక చెక్క తొట్టె. తొట్టెలకు ఎరుపూ పచ్చా రంగులు వేసి చిలకల బొమ్మలు దించారు. తిప్పడానికి ఎద్దూ లేదు, యంత్రమూ లేదు. కిందికి వచ్చిన తొట్టెను ఒకవైపు పోశెట్టి, మరోవైపు స్వామిదాసు పట్టి నెట్టాలి. దానికి బలం కంటే కన్ను ముఖ్యం. ఒక తొట్టెలో ఎంత బరువు ఉంటే దానికి ఎదురు తొట్టెలో అంతే ఉండాలి. సరిగ్గా ఉంటే రాట్నం వేలితో తోసినా తిరుగుతుంది. తప్పితే బరువైన తొట్టె మీదికొచ్చి మనిషిని పడగొడుతుంది.

ఆ కన్ను పోశెట్టికి నిజాంసాగర్ కట్ట మీద వచ్చింది. కట్ట కట్టిన రోజుల్లో రాయిని చూసి ఇది ఇన్ని మణుగులు అని చెప్పేవాడు. తక్కెడలో వేస్తే అంతే తూగేది. పెళ్లాం సాలవ్వ అక్కడే సున్నం తట్టలు మోసేది. పుట్టిన ఇద్దరు పిల్లలూ అక్కడి కూలీల గుడిసెల్లోనే పోయారు. కట్ట పూర్తయిన ఏడాదే యాకూబు ఈ పనికి పిలిచాడు. ఇప్పటికి ఏడేళ్లు.

శివరాత్రి నుంచి మిరుగం దాకా, వానలు పడేదాకా, రాట్నంతో జాతర జాతరకూ తిరుగుతాడు. మిగతా కాలమంతా ఊళ్లో పటేలు ఇంట్లో వెట్టి. కూలి లేదు, కాదనడం లేదు. తెల్లారకముందే పటేలు మనిషి సుంకరి వచ్చి కర్రతో తలుపు కొడతాడు. రాట్నం వెంట ఉన్న ఆ మూడు నెలలు మాత్రం తలుపు కొట్టినా పోశెట్టి దొరకడు. సంవత్సరంలో తనవి అనుకునే రోజులు అవే. అయితే తాను దొరకని ఆ రోజుల్లో వడ్లు దంచడానికి సాలవ్వను పిలుస్తారని అతనికి తెలుసు. ఆ సంగతి మొగుడూ పెళ్లాలు ఎన్నడూ మాట్లాడుకోలేదు.

పొద్దెక్కేసరికి జనం రాట్నం చుట్టూ మూగారు. యాకూబు టోపీ వెనక్కి తోసి, గంట వాయిస్తూ అరవసాగాడు. ఎల్లారెడ్డి బట్టల సావుకారు ఒకాయన పంచె ఎగగట్టి తొట్టెలో కాలు పెట్టబోయాడు.

"సేటూ, జర ఆగు," అన్నాడు పోశెట్టి.

"ఎందుకురా, నేనెక్కితే ఇరుగుతదా?"

"ఇరుగది. నీకు ఎదురుగ ముగ్గురు ఆడోళ్లు కావాలె."

వరసలో ఉన్న ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వాళ్లలో ఒక ముసలవ్వ సావుకారును కింది నుంచి పైకి చూసింది. "ముగ్గురమా? నిజమే బిడ్డా. మా ముగ్గురి తిండి గీయనొక్కడే తినె గద ఇన్నేండ్లు."

సావుకారే ముందు నవ్వాడు. పోశెట్టి ముగ్గురిని ఏరి ఎక్కించాడు. రాట్నం చప్పుడు లేకుండా తిరిగింది.

ఎండ నెత్తి మీదికి వచ్చిన వేళ సాలవ్వ వచ్చింది. వెంట పక్కింటి ఈరవ్వ ఉంది. పోశెట్టి తొట్టె అంచు పట్టుకొని ఉన్నాడు, వదలడానికి వీల్లేదు.

"ఏందే, ఎట్లొచ్చినవ్?"

"ఈరవ్వ కుండల బండి వస్తుంటే కూసున్న."

"జెరం?"

"పోయింది. మంచిగనే ఉన్న."

ముఖానికి నిండా పసుపు రాసుకుంది. కొంగు భుజాల చుట్టూ తిప్పి దోపుకుంది. పోశెట్టి ఆమెను రోజూ దాటే గడపను చూసినట్టు చూశాడు.

"ఏడేండ్ల సంది ఊరోళ్లనందర్ని ఎక్కిస్తివి," అంది సాలవ్వ. "నన్నొక్కనాడు ఎక్కియ్యకపోతివి."

"నువ్వెన్నడన్న అడిగినవా?"

"ఇప్పుడు అడుగుతున్న."

"రా వదినా," అన్నాడు స్వామిదాసు. "నిన్ను తిప్పనీకెనే అన్న ఇన్నేండ్లు నేర్చుకుంటున్నడు."

ఎక్కమంటే ఈరవ్వ భయమని వెనక్కి జరిగింది. పోశెట్టి వరసలోంచి ఒక నడివయసు గొల్లామెను ముందు ఎక్కించి, ఆ తొట్టెను పైకి పంపాడు. ఎదురు తొట్టె కిందికి వచ్చింది. సాలవ్వను అందులో కూర్చోబెట్టాడు. ఆమెను కంటితో తూచలేదు. తూచే అవసరమేముంది? మూడేళ్లు ఆమె నెత్తికి తట్టలు ఎత్తినవాడు, వాగు వచ్చిన రోజు ఆమెను భుజాన వేసుకొని దాటినవాడు. ఆ బరువు అతని ఒంట్లోనే ఉంది.

"పట్టుకో," అని చెయ్యి వదిలాడు.

గొల్లామె తొట్టె పైనుంచి గిర్రున దిగింది. సాలవ్వ తొట్టె విసిరినట్టు పైకి లేచింది. స్వామిదాసు భుజం అడ్డుపెట్టి, దెబ్బ తిని, ఎలాగో ఆపాడు. ఎక్కినవాళ్లు కేకలు వేశారు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"ఏందన్నా," అన్నాడు స్వామిదాసు భుజం రుద్దుకుంటూ. "నీ కన్ను గూడ తప్పుతదా?"

పోశెట్టి తలెత్తాడు. పైన తొట్టె అంచును పట్టుకున్న సాలవ్వ చెయ్యి కనిపించింది. గాజులు మణికట్టు మీద లేవు. మోచేతి దాకా జారిపోయి ఉన్నాయి.

అతను గొల్లామెను దింపాడు. వరసలో అవ్వ చెయ్యి పట్టుకొని నిలబడ్డ ఒక ఆడపిల్ల ఉంది, ఎనిమిదేళ్లు ఉంటాయేమో. దాన్ని ఎత్తి తొట్టెలో పెట్టాడు.

"అన్నా, గింత పిల్లనా?"

పోశెట్టి చెయ్యి వదిలాడు. రాట్నం నిలకడగా, నీళ్ల మీద తేలే చెక్కలా కదిలింది. ఇటు పిల్ల దిగితే అటు సాలవ్వ ఎక్కింది, ఇటు సాలవ్వ దిగితే అటు పిల్ల ఎక్కింది. పిల్ల కిలకిల నవ్వుతూనే ఉంది. సాలవ్వ కిందికి వచ్చిన ప్రతిసారీ అతని ముఖంలోకి చూసింది. అతను చెక్క మీద చిలక బొమ్మను చూస్తూ నెట్టాడు. ఎన్ని చుట్లు తిప్పాడో తెలియదు. చివరకు యాకూబు "బస్, పోశెట్టి, బస్" అన్నాడు.

దిగుతూ సాలవ్వ అతని చెయ్యి పట్టుకుంది. "సాగర్ నీళ్లు కనిపిస్తయనుకున్న," అంది. "దూరంగ తెల్లగ ఏందో కనిపించింది. నీళ్లో, మబ్బో."

రాట్నం సామాను దింపిన బండి కింద నీడ ఉంది. ఆమె అక్కడిదాకా నడిచి, గోనె మీద ఒరిగింది. ఈరవ్వ వెనక్కి వచ్చి పోశెట్టి పక్కన నిలబడి మెల్లగా చెప్పింది.

"రెండు చీరెలు కట్టుకొచ్చింది. లోపటిది నాది. నీకు ఎరుక కావద్దన్నది."

"ఎన్నొద్దుల సంది?"

"నువ్వు పోయిన పక్షం నుంచి. జెరం ఇడువనే లేదు. లేచిన నాడు పటేలు ఇంటికి పోతనే ఉన్నది. మొన్న దంచుకుంట దంచుకుంటనే పడిపోయింది."

పోశెట్టి చేతులు పంచెకు తుడుచుకొని యాకూబు దగ్గరికి పోయాడు. ఇంటికి పోవాలన్నాడు. యాకూబు బండి వైపు ఒకసారి చూశాడు.

"అరే, నేను కాదంటనా? పొద్దు గూకనియ్యి. గింత మంది మల్ల ఎన్నడొస్తరు? పోయినేడు నువ్వు లేనినాడు స్వామిదాసు తొట్టెలు నింపిండు, ఒకని చెయ్యి ఇరిగె." కాసేపు గంట పిడిని తిప్పాడు. "పోతే పో. కని రేపు కామారెడ్డి దిక్కు నీకు బదులు పిట్లమోన్ని తీస్కపోత. ఎనుక నన్ననకు."

పోశెట్టి బండి కిందికి వంగాడు. సాలవ్వ అంతా విన్నది.

"నువ్వు పని చేసుకో," అంది. "పొద్దు గూకినంక పోదాం. జర పండుకుంట నేను."

"ఇప్పుడే పోదమే."

"ఈ పని ఇడిసిపెడితే ఏడాదంత పటేలు ఇంట్లనే ఉంటవ్." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "మరి ఏడేండ్లు నేనెందుకు దంచిన?"

అతను ఆమె కాళ్ల కింది గోనెను సరిచేశాడు. తర్వాత లేచి రాట్నం దగ్గరికి పోయాడు.

ఆ మధ్యాహ్నం ఏ మనిషిని చూసినా బరువు తెలియలేదు. లావుగా కనిపించినవాళ్లు తేలిపోయారు. బక్కవాళ్లు తొట్టెను నేలకు దించారు. కట్టిన బట్టల కింద ఎవరెంత మిగిలి ఉన్నారో అతనికి అంతుపట్టలేదు. రాట్నం రెండుసార్లు ఎదురుతిరిగింది. ఎక్కించినవాళ్లను దింపి, దింపినవాళ్లను మళ్లీ ఎక్కించాడు. వరసలో తిట్లు మొదలయ్యాయి.

"అన్నా, నువ్వు పో," అన్నాడు స్వామిదాసు మూడో దెబ్బ తిన్నాక. "నువ్వీడ ఉంటే నేను సస్త."

ప్రతి చుట్టు మధ్యలోనూ అతను బండి వైపు చూశాడు. చక్రాల మధ్య నుంచి సాలవ్వ అరికాళ్లు కనిపిస్తున్నాయి. ఈరవ్వ కొంగుతో విసురుతోంది. ఇంకో చుట్టు. విసురుతూనే ఉంది. ఇంకో చుట్టు తర్వాత ఈరవ్వ చెయ్యి ఒళ్లో ఉంది.

యాకూబు గంట కింద పెట్టాడు. "పోరా. ఇయ్యాల నీతోని కాదు."

పొద్దు గుట్ట మీద ఇంకా బారెడుంది.

"ఇప్పుడే నిద్ర పట్టింది," అంది ఈరవ్వ. "లేపకు."

పోశెట్టి మోకాళ్ల మీద కూర్చొని ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి మోకాళ్ల కింద పెట్టి ఆమెను ఎత్తాడు. మధ్యాహ్నం ఎనిమిదేళ్ల పిల్లతో తూగిన మనిషి. సాగర్ కట్ట మీద రాళ్లు పడి చనిపోయినవాళ్లను కొందరిని మోసిన చేతులవి. ఎంత గాఢంగా నిద్రపోయినా మనిషి తన బరువు తాను కొంత మోసుకుంటుంది. సాలవ్వ ఇప్పుడు ఏమీ మోసుకోవడం లేదు. ఉన్న కాస్తా అతని చేతుల మీద పెట్టేసింది.

"మీ బండి కట్టించు," అన్నాడు.

ఈరవ్వ అతని ముఖం చూసింది. కొంగు నోట్లో కుక్కుకొని ఎడ్ల దగ్గరికి పోయింది.

కుండలు ఒక పక్కకు జరిపి చోటు చేశారు. యాకూబు తన గొంగడి తెచ్చి బండిలో పరిచాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. వెనక రాట్నం ఆగిపోయి, పై తొట్టెలో చిక్కుకున్నవాళ్లు దింపమని అరుస్తున్నారు. స్వామిదాసు వాళ్ల వైపు చూడకుండా నిలబడ్డాడు.

"పోశెట్టీ," అన్నాడు యాకూబు. "దినాలు కానియ్యి. కామారెడ్డిల నీ జాగ నీకే ఉంటది. నేను ఆగుత."

"పిట్లమోన్నే తీస్కపో సాబ్," అన్నాడు పోశెట్టి. గొంతులో కోపం లేదు. "నాకు మారుగ పోయెటోళ్లు ఎవలున్నరిగ ఇంట్ల? సుంకరి వస్తే నేనే తలుపు తియ్యాలె."

యాకూబు టోపీ పెట్టుకున్నాడు.

బండి కదిలింది. ఈరవ్వ మొగుడు ఎడ్లను అదిలించకుండా వాటి నడకకు వదిలేశాడు. పోశెట్టి వెనక అంచున కూర్చొని, గతుకులకు సాలవ్వ తల అదరకుండా తొడ మీద పెట్టుకున్నాడు. మైదానం దాటాక ఈరవ్వ కుండల మధ్య నుంచి ఒక చిన్న మూట తీసి అతని పక్కన పెట్టింది.

"నీకనే తెచ్చింది. పనైనంక తిననీకె ఇయ్యమన్నది. పొద్దుగాల లేచి తానే చేసింది, నేను చేస్తనంటే ఇనలే."

అతను ఒక చేత్తోనే ముడి విప్పాడు. జొన్నరొట్టెలు. అంచులు పగిలి, ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా ఉన్నాయి. ఈరవ్వ ముఖం తిప్పుకుంది. అతను తినలేదు, మూట కట్టనూ లేదు. ఒళ్లో అలాగే ఉంచుకొని కూర్చున్నాడు. పై రొట్టె మీద నాలుగు వేళ్ల అచ్చు ఉంది, గట్టిగా ఒత్తలేక పైపైన ఆనించి తీసినట్టు.