ఆరు మీటర్ల దగ్గర

బుడగలు…

ముందు ఊపిరి చప్పుడు, ఆ వెనక బుడగలు. పీల్చినప్పుడు ఒక చప్పుడు, వదిలినప్పుడు ఇంకొకటి. వదిలిన ఊపిరి చెంపని రాసుకుని, చెవి పక్కనుంచి పైకి పోతుంది. పెద్ద బుడగలు తొందరగా పోతాయి. చిన్నవి నెమ్మదిగా.

పైకి వచ్చేటప్పుడు చిన్న బుడగని దాటి పోకూడదు, అంత నెమ్మదిగా రావాలి. అది రూలు.

అలివేలుమంగ ఇప్పుడు సముద్రంలో లేదు. చోడవరంలో తన ఇంట్లో, మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. మధ్యాహ్నం. బయట చెరుకు ట్రాక్టర్లు పోతున్నాయి. గుండెల నిండా పీల్చి, వదిలి, బుడగల కోసం చూస్తోంది.

రావు.

యాభై రెండేళ్ళ మనిషి చెయ్యాల్సిన పనేనా ఇది? కాదు. అయినా చేస్తోంది.

ఆమె జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తుంది. ఇరవై ఏళ్ళపాటు బోర్డు మీద చేప బొమ్మ గీసింది. మొప్పలు, రెక్కలు, తోక. బాణం గుర్తులు పెట్టి పేర్లు రాసింది. బతికున్న చేపని దాని ఇంట్లోనే చూసింది మాత్రం నలభై ఏడో ఏట. పిల్లల్ని విశాఖపట్నం టూరు తీసుకెళ్తే, రుషికొండ దగ్గర వాళ్ళు ఐస్‌క్రీములు తింటున్నంతసేపూ ఈమె ఒక బోర్డు చదువుతూ నిలబడింది. సముద్రం అడుగు చూపిస్తాం, అని ఉంది.

మరుసటి ఆదివారం ఒక్కతే వెళ్ళి, వీపున గాలి సిలిండరు కట్టుకుని, నేర్పేవాళ్ళతో దిగింది.

ఆ తర్వాత నవంబరు వస్తే చాలు, ఏప్రిల్ దాకా ఆదివారాలు ఆమెవి కావు. తెల్లవారుజామున మొదటి బస్సు. సంచిలో మాస్కు, తువ్వాలు, అట్టవేసిన నోటుబుక్కు. దిగిన ప్రతిసారీ ఆ పుస్తకంలో ఒక పేజీ రాయాలి. ఎక్కడ దిగాం, ఎంత లోతు, ఎంతసేపు, ఏం చూశాం. కింద సంతకం.

ఎదురింటి అచ్చియ్యమ్మ గేటు దగ్గర ఆపి అడిగేది.

"ఏటమ్మా, సముద్రం అడుక్కెళ్ళి ఏటి సేస్తావు?"

"చూసొస్తానండీ."

"సేపలు తెస్తావేటి?"

"తేను."

"మరి దేనికీ?"

దానికి జవాబు అలివేలుమంగ దగ్గర ఉంది. కానీ గేటు దగ్గర నిలబడి చెప్పే జవాబు కాదు.

ఆమెకి పెళ్ళి కాలేదు. ఆ మాట ఎత్తేవాళ్ళు కూడా మానేసి పదేళ్ళయింది. కాలేజీ నుంచి వచ్చి తలుపు తీస్తే, పొద్దున వదిలివెళ్ళిన గ్లాసు వదిలిన చోటే ఉంటుంది. ఇంట్లో మాట్లాడే పని లేదు. సముద్రం అడుగునా మాట్లాడే పని లేదు. అక్కడా మౌనమే, ఇక్కడా మౌనమే. కానీ ఇంట్లో మౌనంలో పక్కన ఎవరూ ఉండరు.

కింద ఒకరు ఉంటారు.

జత లేకుండా దిగకూడదు. అన్నిటికంటే మొదటి రూలు అదే. నీ గాలి అయిపోతే తన గాలి ఇవ్వడానికి ఒకరు, చెయ్యి చాస్తే అందేంత దూరంలో. పైకి వచ్చాక నీ పేజీ కింద సంతకం పెట్టాల్సింది కూడా ఆ ఒకరే.

ఆ ఒకరు — ప్రవల్లిక.

రోలుగుంట అమ్మాయి. ఇరవై ఆరేళ్ళు. సచివాలయంలో ఉద్యోగం. మూడేళ్ళ కిందట పడవలో, ఇద్దరూ ఆడవాళ్ళే కదా అని జత కలిపారు. మాటల్లో ఇద్దరిదీ ఒకే వైపని తేలింది. అప్పట్నుంచి శనివారం సాయంత్రమే ప్రవల్లిక చోడవరం వచ్చేసేది. అలివేలుమంగ ఇంట్లో అన్నం తిని పడుకునేది. పొద్దున బస్సులో ఆమె భుజం మీద తల పెట్టి మళ్ళీ నిద్రపోయేది. సబ్బవరం దాటేదాకా అలివేలుమంగ ఆ భుజం కదిపేది కాదు.

ఒడ్డు మీద ఆ పిల్లకి ఈవిడ 'మేడమ్'. నీళ్ళలో మేడమ్ లేదు. నీళ్ళలో చేతులే మాటలు.

అరచెయ్యి అటూ ఇటూ ఊపితే — ఏదో బాగాలేదు. ఆ వెంటనే దేన్ని చూపిస్తే అది బాగాలేదు.

రెండు వేళ్ళు కళ్ళ వైపు చూపిస్తే — చూశాను.

బొటనవేలు పైకెత్తితే — ఇక చాలు, పైకి పోదాం.

బొటనవేలు ఎవరైనా ఎత్తవచ్చు. ఎప్పుడైనా ఎత్తవచ్చు. ఎత్తితే రెండోవాళ్ళు ఎందుకని అడగకూడదు. తనూ వేలెత్తి, కూడా రావాలి. అంతే.

ప్రవల్లికకి సముద్రమే ఉద్యోగం చేసుకోవాలని ఉండేది. కొత్తవాళ్ళని కిందికి తీసుకెళ్ళి చూపించే పని. వచ్చే వేసవిలో అది నేర్పే కోర్సుకి పేరు కూడా ఇచ్చింది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. అలివేలుమంగకి చెప్పింది.

జనవరి నెలాఖరు ఆదివారం.

అలివేలుమంగకి అది నూరోసారి. పిల్లలు పుట్టినరోజుకి మురిసినట్టు మురిసిపోయింది ఆ వారమంతా. మాడుగుల నుంచి హల్వా తెప్పించింది, పడవలో అందరికీ పంచడానికి. ఒక పలక మీద పెద్ద అక్షరాలతో '100' అని రాసుకుంది. కింద ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని పట్టుకోవాలని ముచ్చట.

ముచ్చట… ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది ఆమెకి.

బస్సులో ప్రవల్లిక తుమ్మింది.

"రొంప పట్టింది మేడమ్. ఈ రోజు దిగగల్నో లేదో."

"కాస్త రొంపేగా. చూద్దాంలే."

చూద్దాంలే అన్నది అలివేలుమంగే.

సముద్రం ఆ రోజు అద్దంలా ఉంది. ఆ తీరంలో నీళ్ళు అంత తేటగా ఉండటం ఏడాదికి ఒకటి రెండు రోజులే. దగ్గరుండి దింపే మనిషి కొత్తవాళ్ళతో అవతల దిగాడు. వీళ్ళిద్దరూ లంగరు తాడు పట్టుకుని దిగారు. రెండు మీటర్లు. నాలుగు.

ఆరు మీటర్ల దగ్గర ప్రవల్లిక ఆగింది.

అరచెయ్యి ఊపింది. చెవి చూపించింది.

లోతుకి పోయేకొద్దీ నీళ్ళు చెవుల్ని నొక్కుతాయి. ముక్కు మూసి ఊది సర్దుకోవాలి. రొంప ఉంటే సర్దుకోవు. సర్దుకోకపోతే పైకి పోవాలి. మొదటిరోజు నేర్పే పాఠం అది. అలివేలుమంగకి తెలుసు. పాఠాలు చెప్పుకుని బతికే మనిషికి తెలియదా?

ఆరు మీటర్ల దగ్గర్నుంచి పైకి పోతే అది లెక్కలోకి రాదు. నూరు తొంభై తొమ్మిదే అవుతుంది. పడవలో హల్వా డబ్బా ఉంది. చంకలో పలక ఉంది.

అలివేలుమంగ ఆ చెయ్యిని చూసింది.

చూసి, చేతి గడియారం వైపు తల తిప్పుకుంది. చూడనట్టు. కిందికి వేలు చూపించింది. దిగింది.

ప్రవల్లిక బొటనవేలు ఎత్తి పైకి పోయి ఉండవచ్చు. పోలేదు. జతని ఒంటరిగా వదలకూడదన్నది కూడా రూలే. ముక్కు గట్టిగా మూసి, గట్టిగా ఊదుతూ, వెనకే వచ్చింది. ఆ పిల్ల రూలు తప్పలేదు.

పదకొండు మీటర్లు. ఇసుక. పలక. ముప్ఫై నాలుగు నిమిషాలు.

ఒక తాబేలు కూడా కనిపించింది. అలివేలుమంగ నవ్వింది. మాస్కు లోపల, ఒక్కతే నవ్వింది.

పడవ ఎక్కాక ప్రవల్లిక మాస్కులో రక్తం ఉంది. లేచి నిలబడబోయి పడిపోయింది. కుడిచెవిలో ఏదో ఇంజను తిరుగుతున్నట్టుందని చెప్పింది. హల్వా డబ్బా ఎవరూ తెరవలేదు.

పెద్ద డాక్టరు చూశాడు. లోపలి చెవి దెబ్బతిందన్నాడు. కుడివైపు వినికిడి రాదన్నాడు. తల తిరగడం తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు. నీళ్ళలోకి ఇక దిగకూడదు. ఎప్పటికీ.

రొంపతో దిగింది, గుంటదే తప్పు — అని వాళ్ళ ఇంట్లో అనుకున్నారు. పడవవాళ్ళూ అదే అనుకున్నారు. అలివేలుమంగని ఎవరూ ఒక్క మాట అనలేదు. పైగా, దగ్గరుండి ఆసుపత్రికి తీసుకెళ్ళారని దండం పెట్టారు.

ఆ దండమే నిద్రపోనివ్వడం లేదు.

రెండు నెలలు. ఫోన్లు చేసింది. ఎలా ఉంది, మందులు వాడుతున్నావా. ఆ పిల్ల, బాగానే ఉంది మేడమ్, అనేది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ ఉండేది కాదు. వెళ్ళి చూడలేదు. చూస్తే చెప్పాలి. చెప్తే… ఈ ప్రపంచంలో తన భుజం మీద తల పెట్టి నిద్రపోయిన ఒకే ఒక్క మనిషి పోతుంది. చెప్పకపోతే ఆ మనిషి తప్పు తనదే అనుకుంటూ బతుకుతుంది.

మధ్యలో ఒక ఆదివారం వెళ్ళింది. ఎవరినో జత కలిపారు. చేతిలో కెమెరా ఉన్న కుర్రాడు. అరగంటలో ఒక్కసారి వెనక్కి తిరిగి చూడలేదు. ఆరు మీటర్ల దగ్గర అలివేలుమంగ ఆగింది. చెవులు బాగానే ఉన్నాయి. ఊరికే ఆగింది. అరచెయ్యి ఊపింది. ఎవరూ చూడలేదు.

చూడకపోవడం అంటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఒడ్డుకి వచ్చాక ఆ కుర్రాడు నూట ఒకటో పేజీ మీద గొలుసుకట్టుగా సంతకం గీకి ఇచ్చాడు. దాని ముందు పేజీలో తేదీ ఉంది. లోతు ఉంది. తాబేలు ఉంది. కింద ఖాళీ.

ఇవాళ మంచం మీంచి లేచింది. పుస్తకం సంచిలో వేసుకుంది. రోలుగుంట బస్సు ఎక్కింది.

ప్రవల్లిక వాళ్ళ అమ్మ పేరు సన్యాసమ్మ. చెరుకు తోట పక్కనే బెల్లం వండుతున్నారు. పెద్ద పెనం నిండా రసం మరుగుతోంది. ఆవిరి, తీపి వాసన, పొగ.

"మీరేనా సముద్రం మేడమ్. రండమ్మా, కూకోండి. ఇటేపు కూకోండి, అటేపు దానికి ఇనబడదు."

ఎడమవైపు ముక్కాలిపీట వేసింది. గ్లాసుతో రసం ఇచ్చి, పెనం దగ్గరికి పోయింది.

ప్రవల్లిక చిక్కిపోయింది. నవ్వింది. నవ్వు మారలేదు, తల మాత్రం ఒక పక్కకి ఒరిగి ఉంది, వినిపించే చెవిని ముందుకు పెట్టుకుని.

అలివేలుమంగ నోరు తెరిచింది. పాతికేళ్ళుగా గంటలకొద్దీ పాఠం చెప్పిన నోరు అది. మళ్ళీ మూసేసింది.

గ్లాసు కింద పెట్టింది.

అరచెయ్యి అటూ ఇటూ ఊపింది. చెవి చూపించింది. ప్రవల్లిక ఆ రోజు చేసినట్టే.

తర్వాత రెండు వేళ్ళు తన కళ్ళ వైపు చూపించుకుంది.

చూశాను.

చెయ్యి దించలేకపోయింది. ఆ రెండు వేళ్ళూ కళ్ళ ముందు అలాగే ఉండిపోయాయి.

పెనంలో బుడగలు లేచి పగులుతున్నాయి. సన్యాసమ్మ తెడ్డుతో కలుపుతోంది.

"తెల్సు మేడమ్," అంది ప్రవల్లిక. "మీరు సూసేరు. మీ కళ్ళు నా సేతి మీదే ఉన్నాయి. తరవాత వాచీ సూసేరు."

"ఎవరికీ చెప్పలేదేం?"

"మీరు సెప్తారని సూస్తన్నాను."

ఎన్నాళ్ళు చూసిందో చెప్పలేదు. ఆ ఫోన్లు అన్నిట్లోనూ చూసి ఉంటుంది. ప్రతిసారీ అలివేలుమంగ మందుల గురించి అడిగింది.

పుస్తకం తీసి నూరో పేజీ దగ్గర తెరిచి ఇచ్చింది. పెన్ను ఇవ్వడానికి చెయ్యి రాలేదు. ప్రవల్లిక ఆ పేజీ అంతా చదివింది. తాబేలు దగ్గర కాస్త ఆగింది. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

పెనం వైపు చూసింది.

అప్పుడు కుడిచెయ్యి లేపింది. బొటనవేలు పైకెత్తింది.

ఇక చాలు. పైకి.

ఎందుకు, అని నోటిదాకా వచ్చింది. ఇవాళ్టికి చాలనా, ఎప్పటికీ చాలనా. కోపమా, అలసటా. క్షమించావా, లేదా. ఒక్కటి అడిగితే చాలు.

అడగకూడదు.

అలివేలుమంగ తనూ బొటనవేలు ఎత్తింది. లేచింది.

ప్రవల్లిక కూడా లేచింది. లేవగానే తూలింది, ఈమె మోచెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి తియ్యలేదు. ఇద్దరూ చెరుకు తోట గట్టు మీద నడిచారు. నెమ్మదిగా. ఇద్దరూ కలిసే పైకి రావాలన్నది రూలు. ఆ రూలు కోసం వస్తోందో, ఇంకెందుకు వస్తోందో… ఆమె అడగలేదు.

రోడ్డు దగ్గర కల్వర్టు. అక్కడ ఆగారు. సముద్రంలో అయితే పైకి వచ్చేటప్పుడు ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఏమీ చెయ్యకూడదు. ఒకరి ఎదురుగా ఒకరు, ఊపిరి పీలుస్తూ, వదులుతూ. అంతే. అలాగే నిలబడ్డారు.

ఆటో వచ్చింది.

ప్రవల్లిక చెయ్యి వదిలింది. పుస్తకం ఇంకా ఆ పిల్ల చంకలోనే ఉంది. అలివేలుమంగ అడగలేదు, ఆ పిల్ల ఇవ్వలేదు.

అలివేలుమంగ ఎక్కి కూర్చుంది. ఆటో కదిలింది. వెనక్కి తిరిగి చూసింది. ఈసారి తల తిప్పుకోలేదు, మలుపు వచ్చేదాకా చూస్తూనే ఉంది. కల్వర్టు మీద ఆ పిల్ల ఒక పక్కకి తల వంచి నిలబడే ఉంది.

మలుపు తిరిగాక ఆటో వేగం అందుకుంది.

"నెమ్మదిగా పోనీ, బాబూ."

"ఏటమ్మా, సోడవరం బస్సు అందద్దా?"

"నెమ్మదిగానే పోనీ."

ఊపిరి పీల్చింది. వదిలింది.

చెంప పక్కన ఏమీ కదల్లేదు. అయినా తలెత్తి చూసింది, చిన్న బుడగ కోసం…