లైటు పట్టే మనిషి

అయినా ఆ స్పేర్ పార్టుల దుకాణంలో మా ఆయన బిగిస్తారని ఎందుకు చెప్పినట్టు, ఈ వాల్వు ఎవరు బిగిస్తారమ్మా అని దుకాణం అతను మామూలుగానే అడిగాడు, తనూ మామూలుగానే చెప్పేసింది, ఆయన పోయి ఏడాది దాటిందన్న సంగతి నాలుకకి ఇంకా తెలిసినట్టు లేదు, పైగా పాత గ్యాస్కెట్ శుభ్రంగా గీకెయ్యమని మీ ఆయనకి చెప్పండి అంటే సరే చెబుతానని తల కూడా ఊపింది, ఇప్పుడు చెప్పు మరి, ఎవరికి చెబుతావో చూద్దాం, అని తనని తనే దెప్పుకుంటూ ఆమె షెడ్డులో పికప్ బండి బానెట్ ఎత్తి, కడ్డీ ఆనించి, బ్యాటరీ తీగ ఊడదీసి, గాలి గొట్టం క్లిప్పు వదులు చేసి, ఇంజను వెనకాల ఎక్కడో మూలన నక్కి ఉండే ఆ ఈజీఆర్ వాల్వు కోసం టార్చిని పళ్ళ మధ్య కరిచిపట్టుకుని వంగింది, పట్టపగలే గానీ ఆ మూలకి పగలు ఎప్పుడూ వెళ్ళదు, టార్చి బరువుకి దవడ లాగేస్తోంది, మూతి పక్క నుంచి చొంగ కారుతోంది, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో, ఎవరు చూస్తార్లే, అదే కదా వచ్చిన చిక్కు, చూసే మనిషే ఉంటే టార్చి పట్టుకునే మనిషి ఉన్నట్టేగా.

మొన్న లాడ్జి మేనేజరు దుప్పట్ల మూట సగం విప్పి వెనక్కి తోసేశాడు, ఏమ్మా, ఉతికి తెచ్చావా, మసిలో పొర్లించి తెచ్చావా అని, చుట్టూ పనివాళ్ళు నవ్వారు, తప్పు ఉతుకుడిది కాదు, బండిది, ఎత్తు ఎక్కేటప్పుడల్లా నల్లగా కక్కే పొగ వెనక్కి తిరిగి పట్టా సందుల్లోంచి తెల్ల దుప్పట్ల మీదే పడుతోంది, మొగుడూ పెళ్ళాం కలిసి లాడ్జిల దుప్పట్లు తెచ్చి, ఉతికి, ఇస్త్రీ చేసి, మళ్ళీ చేరవేసి ఇన్నేళ్ళు నిలబెట్టుకున్న పేరు ఒక్క మూటతో గంగలో కలిసేలా ఉంది, మరిది మంచివాడే, కాకపోతే వాడి మంచితనానికి తొందరెక్కువ, వదినా, ఆ డొక్కు బండితో మీకెందుకొచ్చిన తిప్పలు, సాయంత్రం కొనే ఒకాయన్ని తీసుకొస్తా, చూసి పట్టుకెళ్తాడు, మీరు హాయిగా మా ఇంటికొచ్చేయండి అన్నాడు, ఆమె ఉక్రోషం పట్టలేక అనేసింది, బాగైతే అమ్మను, బాగవకపోతే నువ్వే తోలుకుపో అని, అన్నమాట వెనక్కి ఎలా వస్తుంది, బండి పోతే పని పోతుంది, పని పోతే పొద్దున్నే లేవడానికి కారణమే పోతుంది, మరిది ఇంట్లో ఓ కుర్చీ ఇస్తారు, ఆ కుర్చీలో కూర్చుని టీవీ చూసే పెద్దావిడ అయిపోతుంది, పిల్లలు వచ్చి పెద్దమ్మా కాస్త జరుగు అంటే జరుగుతుంది, అంతే, ఇక జరుగుతూనే ఉంటుంది.

మొదటి బోల్టు మొండికేసింది, పానా జారి వేలి కణుపు చీరుకుపోయింది, అటు కాదు, ఇటు, లైటు నా చేతి మీద కాదే, బోల్టు మీద, నా చెయ్యి ఎక్కడుందో నాకు తెలుసు, అని ఆయన గొంతు, బతికుండగా ఎంత విసుగొచ్చేదో ఆ గొంతంటే, ఇదిగో, ఓసారి ఇలా రా, లైటు పట్టు, ఆ కేక వినపడిందంటే పొయ్యి మీద పాలు పొయ్యి మీదే, బకెట్లో సబ్బు నురగ బకెట్లోనే, వచ్చి నిలబడాలి, కాళ్ళు పీక్కుపోయినా నిలబడాలి, మీకు మూడో చెయ్యి లేదా అని అరిచేది, ఎందుకు లేదు, ఇదిగో, నోరున్న చెయ్యి, అని ఇంజనులోంచే నవ్వేవాడు, ఇప్పుడు కాస్త కిరోసిన్ పోసి నానబెడితే బోల్టు కిర్రుమంది, కదిలింది, రెండోదీ కదిలింది, ఈ వాల్వేంటండీ అని ఒకసారి అడిగింది కూడా, వదిలిన పొగలో కాస్త మళ్ళీ ఇంజనుకే పీల్పిస్తుంది అన్నాడు, అదేం ఖర్మ, వదిలిన పొగ మళ్ళీ పీల్చడమేంటి అంటే, నువ్వు పాత గొడవలన్నీ తవ్వి తవ్వి మళ్ళీ వండవూ, అలాగే అన్నాడు, ఆమె కోపంతో లైటు ఆర్పేసింది, చీకట్లో కూడా ఆయన నవ్వుతూనే ఉన్నాడు, ఇంతలో వాల్వు ఊడి ఆమె చేతిలోకి వచ్చింది, లోపలంతా తారులా పేరుకున్న మసి, మూసుకోవలసిన నాలుక తెరుచుకునే బిగుసుకుపోయింది, నల్లపొగ అందుకే, వారెవ్వా, నీ సంగతీ నా సంగతీ ఒకటేనన్నమాట అంది దానితో.

పాత గ్యాస్కెట్, అతుకు మధ్య ఉండే ఆ పల్చటి రేకు, ఇనుములో ఇనుములా నల్లబడి అతుక్కుని ఉంది, దుకాణం అతను చెప్పకపోతే ఇదీ ఇనుమే అనుకుని దాని మీదే కొత్తది పెట్టేసేది, బ్లేడుతో గీకి, గుడ్డతో తుడిచి, కొత్త గ్యాస్కెట్, కొత్త వాల్వు పెట్టి, మొదటి బోల్టు చేత్తో తిప్పుతుంటే రెండోది వేళ్ళలోంచి జారి టంగుమని ఎక్కడో పడింది, అయ్యో అని నోరు తెరిచింది, అంతే, టార్చి కూడా పడింది, చీకటి, ఒక్కసారిగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, బోల్టుకి కాదు, టార్చికీ కాదు, పడ్డాయి అని చెప్పుకోవడానికి ఎవరూ లేనందుకు, టార్చి అందుకుని ఒక చేత్తో బానెట్ లోపలి వైపు ఆనుకుని లేవబోతే వేళ్ళకి ఏదో గుచ్చుకుంది, లైటు అటు తిప్పింది, ఒక కొక్కెం, సైకిలు పుల్లని వంచి, బానెట్ మడతలో బిగించి, తుప్పు పట్టకుండా రంగు పూసి మరీ పెట్టిన కొక్కెం, రంగు నీలం, బండి నీలంగా ఉన్నది కొన్న కొత్తలో మాత్రమే, దుప్పట్ల బండి తెల్లగా ఉండాలని ఆమె పట్టుబట్టి రంగు మార్పించింది, ఆ నీలం డబ్బా ఖాళీ అయి ఎన్నేళ్ళో అయింది, టార్చి తోకకి ఆయన చుట్టిన తీగ ఉంగరం గోడకి తగిలించడానికి అనుకుంది ఇన్నాళ్ళూ, తగిలించి చూసింది, అతికినట్టు సరిపోయింది, వెలుగు సరిగ్గా వాల్వు మీద, బోల్టు కన్నాల మీద, పక్కన ఇరుక్కుని మెరుస్తున్న ఆ పడ్డ బోల్టు మీద, దీపం కింద చీకటి అంటారు గానీ పైన కూడా ఉంటుందని ఆమెకేం తెలుసు, తల ఎత్తితే కదా, నీ చూపు ఎటుంటే లైటూ అటే పోతుంది, బోల్టునే చూడు అనేవాడు, ఎత్తనిచ్చాడా.

ఒళ్ళు మండిపోయింది, అంటే ఇది మొదటి నుంచీ ఉంది, ఆమె పుట్టింటికి వెళ్ళిన రోజుల్లో పని ఎలా సాగిందో ఇప్పుడు తెలిసింది, మరి తనని ఎందుకు నిలబెట్టినట్టు, ఎన్ని గిన్నెల పాలు పొంగిపోయాయి, జ్వరంతో కూడా నిలబడింది, పని చేయించుకోవాలంటే చేయించుకో, ఈ వేళాకోళం ఏంటి, రెండు చేతులూ ఖాళీగా ఉండటంతో కోపమంతా పానాలోకి దిగింది, ఒక్కటే బిగించి మురిసిపోకు, ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, అని మళ్ళీ ఆ గొంతే, తెలుసులెండి అని పైకే అంది, నిజమే, తెలుసు, లైటు పట్టిన కళ్ళు ఊరికే ఉంటాయా, అన్నీ చూశాయి, అన్నీ విన్నాయి, ఇంట్లో ఉప్పు కావాలన్నా చేత్తో చూపించే మనిషి, ఆ బానెట్ కింద తల పెట్టాడంటే ఎక్కడలేని మాటలూ వచ్చేవి, వాళ్ళమ్మ పోయిన రోజు ఏడవలేకపోయానన్నది అక్కడే చెప్పాడు, మనకి పిల్లలు లేరని నాకేం దిగుల్లేదు, నీకుందేమోనని దిగులు అన్నదీ అక్కడే, ఆమె వైపు చూడకుండా, ఓ బోల్టు తిప్పుతూ.

గాలి గొట్టం బిగించి, బ్యాటరీ తీగ తగిలించి తాళం తిప్పితే ఇంజను దగ్గింది, ఆగింది, మళ్ళీ తిప్పితే అందుకుంది, ఉతికిన తెల్ల దిండు గలీబు ఒకటి తెచ్చి సైలెన్సరు దగ్గర పట్టింది, వాళ్ళిద్దరూ ఎప్పుడూ చేసే పరీక్ష అది, మొదట ఓ బూడిద మరక పడింది, యాక్సిలరేటరుకి చెక్క ఆనించి వచ్చి, రెండోవైపు తిప్పి పట్టి చూసింది, తెల్లగానే ఉంది, చూశారా అంటూ గలీబు పట్టుకుని వెనక్కి తిరిగింది, వెనకాల ఖాళీ షెడ్డు, గోడకి ఆయన పాత చొక్కా, గెలిచినా ఇంతేనా అనిపించింది, ఇంజను ఆపితే మరీ నిశ్శబ్దంగా ఉంటుందని ఆపలేదు, అప్పుడే ఫోను మోగింది, మరిది, బయల్దేరమంటారా వదినా, బండి కొనే ఆయన రెడీగా ఉన్నాడు, అన్నాడు, ఆయన్ని రావద్దను, బండి అమ్మట్లేదు, నువ్వొక్కడివే రా, అంది, ఏమైంది వదినా, బాగవలేదా, అన్నాడు, బాగైంది, చిన్న పనొకటి మిగిలింది, లైటు పట్టేవాళ్ళు కావాలి, అంది, అంటూనే తలెత్తి చూసింది, కొక్కేనికి టార్చి నిక్షేపంగా వేలాడుతోంది, తన చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి, పనేమీ మిగల్లేదు, అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో, ఇన్నేళ్ళూ ఆయనకీ అంతే తేలిగ్గా వచ్చి ఉంటుంది, కాసేపు నా దగ్గర ఉండవే అనడం చేతకాక లైటు పట్టు అన్నాడు.