కృష్ణ దాటిన పురుగు

ఏసమ్మ చేనులో కర్రకు కట్టిన ఎర బుట్ట కింద వేలాడే ప్లాస్టిక్ సంచికి ఉన్న రబ్బరు బ్యాండు విప్పి, మూతిని గుప్పిట్లో బిగించి లోపలికి చూసింది. ఎర వాసనకు రాత్రి వచ్చి పడ్డ రెక్కల పురుగులు ఇరవై దాకా ఉన్నాయి. ఒళ్లు బియ్యపు గింజంత, రెక్కలు గోధుమ రంగు. వీటి పిల్లలే పత్తికాయను లోపలి నుంచి తినేసే గులాబీ పురుగులు. ఒక్కొక్క దాన్నీ చిన్న పట్టకారుతో పట్టి స్పిరిటు సీసాలో వేసింది. ఊరి పేరు, తేదీ పెన్సిలుతో రాసిన చీటీని కూడా అందులోనే వేసింది. పెన్నుతో రాస్తే స్పిరిటులో అక్షరాలు కరిగిపోతాయని మొదటి రోజే నేర్పారు. మానవపాడు చేనంతా మంచుకు తడిసి ఉంది. రోజూ చేసే పనే అయినా ఈ పొద్దున చీటీ మీది ఊరి పేరును రెండుసార్లు సరిచూసుకుంది.

నిన్న సాయంత్రం మనీషా ఫోను చేసింది. "పెద్దమ్మా, రేపు వస్తున్న. నీతోని మాట్లాడాలె" అని పెట్టేసింది. ఎందుకో చెప్పలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఏసమ్మకు అప్పటి నుంచి ముద్ద దిగలేదు.

మనీషా వనపర్తి పిల్ల. హైదరాబాదులో డాక్టరేటు చదువుతోంది. కృష్ణకు ఇవతల మానవపాడు, అవతల శ్రీరంగాపూర్, బల్మూర్ చేన్లలో పురుగుల్ని పట్టించి, వాటి కాలో రెక్కో గిల్లి, ఏది ఏ వంశానిదో చెబుతుంది. మనిషి గోత్రమే సరిగా తెలియని ఈ రోజుల్లో పురుగు గోత్రం ఏం చేసుకుంటారో ఏసమ్మకు మొదట్లో అర్థం కాలేదు. ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు గానీ, పని మాత్రం నచ్చింది. పన్నెండో ఏట నుంచి విత్తనపత్తి చేన్లలో ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అంటించి నల్లబడ్డ వేళ్లవి. రెక్కల మీది పొడి రాలకుండా పురుగును పట్టుకోవడం ఆ వేళ్లకే వచ్చు. మూడేళ్ల కింద మనీషా ఆ వేళ్లను చూసే పనిలో పెట్టుకుంది.

సీసాను చేతిసంచిలో సర్దుకుని ఎర్రవల్లి చౌరస్తాకు బస్సెక్కింది. కండక్టరు ఆధారు కార్డు చూసి సున్నా టికెట్టు కొట్టాడు. దారి పొడవునా ఆమెకు పోయిన ఏడాది సంగతే గుర్తొచ్చింది. క్రిస్మసుకు ముందు మూడు వారాలు బల్మూర్ బుట్టలో ఒక్క పురుగు పడలేదు. ఏమీ పడకపోయినా చీటీ రాసి ఖాళీ సీసానే తెమ్మని మనీషా చెప్పింది. కానీ నలభై ఏళ్ల కూలి బతుకు ఇంకోటి చెప్పింది. ఖాళీ బుట్టతో గట్టు దిగిన మనిషిని ఏ మేస్త్రీ నమ్మాడు? పోలేదంటారు, చెట్టు కింద పడుకుందంటారు. ఆ మూడు వారాలూ సంచిలో ఉన్న మానవపాడు సీసాలోంచి నాలుగేసి పురుగులు తీసి బల్మూర్ సీసాలో వేసింది. చీటీ మీద మాత్రం బల్మూర్ అనే రాసింది.

ఎర్రవల్లిలో మనీషా ఈ పని కోసం తీసుకున్న అద్దె గది ఒక్కటే. ఇనుప అరల నిండా సీసాలు, కిటికీ పక్కన బల్ల, దాని మీద సూక్ష్మదర్శిని. గది ఊడ్చి, బల్ల తుడిచి, తుడిచిన బల్లనే మళ్లీ తుడిచింది. పదకొండింటికి మనీషా వచ్చింది. ముఖం నిండా నవ్వు. తిట్టడానికి వచ్చిన ముఖం కాదది. అది చూసి ఏసమ్మకు భయం తగ్గాల్సింది, తగ్గలేదు.

"కూసో పెద్దమ్మా. మన పురుగు కృష్ణ దాటింది."

"ఏంది మేడం?"

"మానవపాడు పురుగులు బీటీ పత్తి తిన్నా సస్తలేవని చెప్పిన గద. బల్మూరుల గసుంటియి లేవనుకున్నం. పోయిన ఏడు నువ్వు తెచ్చిన సీసలల్ల అచ్చం అవే ఉన్నయి. ఒక్క తల్లి పిల్లల లెక్కున్నయి. నది దాటి గంత దూరం పోయినయంటే చిన్న ముచ్చట కాదు. ఎల్లుండి కమిటీ ముందట చెప్త. వాళ్లు ఒప్పుకుంటె డాక్టరేటు వచ్చినట్టే."

ఏసమ్మ చేతిలోని గుడ్డను మడత మీద మడత పెట్టింది. పురుగు నది దాటలేదు. తాను దాటింది, బీచుపల్లి వంతెన మీద, పల్లెవెలుగు బస్సులో, సంచి ఒళ్లో పెట్టుకుని. నోరు మూసుకుంటే ఈ పిల్ల చదువు గట్టెక్కుతుంది, తన పనీ నిలుస్తుంది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? పురుగులు సాక్ష్యం చెప్పవు. చెప్పకూడదనే అనుకుంది.

మనీషా సంబరంగా చెబుతూనే ఉంది. "వచ్చే వానకాలం బల్మూరు రైతులకు మీటింగు పెడ్తరంట. ముందుగాలనే మందు కొట్టాలె, నాలుగైదు సార్లన్న కొట్టాలె అని చెప్తరు."

ఏసమ్మ భర్త బాలరాజు మందు కొడుతూనే పోయాడు. ఏడేళ్ల కింద, పరాయి చేనులో, వీపున డబ్బా ఉండగానే బోర్లా పడ్డాడు. దవాఖానకు చేరేసరికి నోట్లోంచి నురుగు తప్ప మాట రాలేదు. లేని పురుగు కోసం బల్మూరులో ఎవరి మొగుడు డబ్బా మోస్తాడో అనుకునేసరికి ఆమె చెయ్యెత్తి మనీషాను ఆపింది.

"జర ఆగు బిడ్డా" అంది. మేడం అనడం మరిచిపోయింది. "గవి బల్మూరువి కావు. మానవపాడువే. నేనే ఏసిన."

మూడు వారాల సంగతీ చెప్పింది. చెబుతున్నంతసేపూ నేల వైపే చూసింది. పైన ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది.

"ఖాళీ సీసనే తెమ్మని చెప్పిన గద పెద్దమ్మా."

"చెప్పినవు. నేనే నమ్మలే. ఖాళీ చేతులతోని వస్తె పనికి పోలేదనుకుంటవని భయమైంది."

మనీషా అరలోంచి ఆ మూడు సీసాలూ వెతికి తీసింది. కళ్లజోడు తీసి చున్నీతో తుడుచుకుంది, కళ్లు తుడుచుకుంది, మళ్లీ అద్దాలు తుడిచింది. సీసాలను కాగితంలో చుట్టి బ్యాగులో పెట్టుకుంది.

"ఇప్పుడేమైతది బిడ్డా?"

"తెల్వదు. పోయి మా సారుకు చెప్పాలె. నువ్వుంటవో, నేనుంటనో, గీ పనే ఉంటదో, ఏం తెల్వదు."

ఆ గొంతులో కోపం లేదు. కోపమన్నా ఉంటే బాగుండునని ఏసమ్మకు అనిపించింది. తిట్టిన వాళ్లు మర్నాడు మళ్లీ పిలుస్తారు. ఇట్లా నెమ్మదిగా మాట్లాడే వాళ్ల సంగతే ఆమెకు తెలియదు.

"చౌరస్తా దాక వస్త" అంది.

"వద్దు పెద్దమ్మా. నువ్వు అన్నం తిను" అని మనీషా బ్యాగు భుజాన వేసుకుని బయటికి నడిచింది. కాసేపటికి రోడ్డు మీద హైదరాబాదు బస్సు హారను వినిపించింది. తలుపు పక్కన నిలబడ్డ ఏసమ్మకు దాని వెనక భాగం మాత్రమే కనిపించింది, తర్వాత అదీ కనిపించలేదు.

లోపలికి వచ్చి, పొద్దున తెచ్చిన సీసాను మానవపాడు అరలో పెట్టింది. ఇంకేం చేయాలో తోచలేదు. ఫోను తీసి చేత్తో పట్టుకుంది గానీ నొక్కడానికి ధైర్యం చాలలేదు. అప్పుడు చూసింది. బల్ల మీద మనీషా కళ్లజోడు బోర్లా పడి ఉంది. ఒక అద్దం అంచున చున్నీ పోగు ఒకటి అంటుకుని ఉంది, రెండో అద్దం మీది తడి ఇంకా ఆరలేదు.