తిప్పి చూడండి

మా అమ్మాయి ఫొటోకి నిలబడితే ముందు నుంచే చూడాలి. వెనక్కి వెళ్ళకూడదు. ఆ సంగతి తెలియక, మొదటిసారి స్టూడియోకి తోడు వెళ్ళినప్పుడు, మంచినీళ్ళ సీసా ఇద్దామని వెనక నుంచి వెళ్ళాను. ముందు నుంచి చూస్తే ఆ కోటు దాని ఒంటికి పోతపోసినట్టుంది. వెనక చూస్తే, వదులంతా లాగి పట్టి, మెడ నుంచి నడుము దాకా ఇనప క్లిప్పులు, మొసలి పళ్ళలా.

"అయ్యో, ఇదేంటే పుల్లమ్మా! గుచ్చుకోవట్లేదూ?" అన్నాను. చిన్నప్పుడు పుల్లలా ఉండేదని దానికి ఆ పేరు.

"ముట్టుకోకమ్మా, ఊడిపోతాయి. అందరికీ ఇంతే," అంది పళ్ళ మధ్య నుంచి, నవ్వు చెదరకుండా.

నా చదువు ఏడో తరగతితో ఆగింది గానీ, భయపడటంలో మాత్రం నన్ను మించినవాళ్ళు లేరు. అది కంపెనీల బట్టలు తొడుక్కుని ఫొటోలకి నిలబడిన ఆ ఏళ్ళన్నీ నేను కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాను. ఆ పెద్ద దీపం మీద పడితే? ఎత్తు చెప్పులతో మెట్ల మీద జారితే? ముఖం మీద మొటిమ లేచి, రేపటి నుంచి రావద్దంటే? బస్సు మీద దాని బొమ్మ చూసి పక్కింటివాళ్ళు మురిసిపోతుంటే, ఆ బస్సు దేన్నైనా గుద్దుతుందేమోనని నా బెంగ.

అలాంటిది, ఒక సాయంత్రం వచ్చి, చెప్పులైనా విప్పకుండా, "అమ్మా, మానేశాను," అంది.

"ఎవరేమన్నారే?"

"ఎవరూ ఏమీ అనలేదు. బస్సులో ఒకావిడ, నేను ఫొటోలో వేసుకున్న కోటే వేసుకుంది. భుజాలు జారిపోతున్నాయి. 'బొమ్మలో ఎంత బాగుందో, నా ఒంట్లోనే ఏదో వంకరుంది' అని పక్కావిడతో చెప్పుకుంటోంది. నేను పక్కనే ఉన్నాను. క్లిప్పుల సంగతి చెబుదామంటే నోరు రాలేదు."

"దానికి చేతిలో ఉన్న పని వదులుకుంటారా ఎవరైనా?"

"ముందూ వెనకా ఒకేలా ఉండే బట్టలు కుట్టించి నేనే అమ్ముతాను."

చెప్పినంత పనీ చేసింది. కంపెనీవాళ్ళు దీని చోట ఇంకో పిల్లని పెట్టేసుకున్నారు, ఇక వెనక్కి వెళ్ళే దారి కూడా లేదు. ఇరుకు వీధిలో ఒక కొట్టు అద్దెకు తీసుకుని, టైలరుని పెట్టుకుంది. గోడల మీద ఒక్క ఫొటో లేదు. మధ్యలో తిరిగే పీట, దాని మీద బట్టలు తొడిగే బొమ్మ, బొమ్మ మెడలో ఒక అట్టముక్క. దాని మీద "తిప్పి చూడండి" అని రాయించింది.

"కొట్టంతా ఆ మాట మీదే నిలబడింది అక్కగారూ," అన్నాడు టైలరు. "మాట పడిపోయిందంటే మనమూ పడ్డట్టే. మిషను కింద నన్ను వెతుక్కోవాలి."

అసలే బెంగపడే మనిషిని, ఆ మాట విన్నాక నాకు అన్నం సయించలేదు. అది చాలదన్నట్టు ఆ వారమే దండెం మీద ఆరేసిన నా పాత గౌను మాయమైంది. వీధిలో దొంగలు తిరుగుతున్నారని తలుపుకి రెండో తాళం వేయించాను.

"నీ పాత గౌను కోసం వచ్చాడంటే ఆ దొంగకి ఎంత కష్టమొచ్చిందో పాపం," అని నవ్వింది అమ్మాయి.

కొట్టు తెరిచే రోజు వచ్చింది. అమ్మాయి లోపల, బట్టలు మార్చుకునే చోట, అద్దం తుడుస్తోంది. టైలరు ఇస్త్రీపెట్టెతో కుస్తీ పడుతున్నాడు. బొమ్మకి తొడిగిన బూడిదరంగు గౌను చూసి నా ప్రాణం పోయింది. నడుము దగ్గర సంచిలా వేలాడుతోంది! బయట అప్పుడే కొందరు ఆడవాళ్ళు తొంగి చూస్తున్నారు. మొదటి రోజే నవ్వులపాలు, అయిపోయింది అనుకున్నాను. ఎప్పుడు ఏ అవసరమొస్తుందోనని నా చేతిసంచిలో బట్టల క్లిప్పులు ఉంచుకుంటాను. రెండు తీసి గౌను వెనక పట్టించాను. ఎంత చక్కగా కూర్చుందో! బొమ్మ వీపు గోడ వైపుకి తిప్పేసి, ఏమీ ఎరగనట్టు పక్కకి వచ్చి నిలబడ్డాను. తిప్పి చూడమని రాసినంత మాత్రాన ఎవరు తిప్పుతారు? "మళ్ళీ దయచేయండి" అని రాసిన చోటికల్లా మనం మళ్ళీ వెళ్తున్నామా?

ముందుగా వచ్చిన లావుపాటి కళ్ళద్దాలావిడ అట్టముక్క చదివింది. చదివి, తిప్పింది.

"ఓహో! ఇక్కడా ఇదే భాగోతమా?" అంది అందరికీ వినపడేలా. "క్లిప్పులు పెట్టి తిప్పి చూడమంటావేమ్మా? మేం వెర్రివాళ్ళలా కనిపిస్తున్నామా?"

లోపల్నుంచి అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. ఎన్ని దీపాల ముందు నిలబడ్డా చెదరని దాని ముఖం ఒక్కసారిగా పాలిపోయింది.

"నేను కాదు మహాప్రభో!" అని టైలరు రెండు చేతులూ ఎత్తేశాడు.

"నేనే పెట్టానమ్మా," అన్నాను. "దానికి తెలీదు. వదులుగా ఉందని..."

"వాళ్ళమ్మనే సాక్ష్యానికి తెచ్చుకున్నట్టుందే!" అన్నారెవరో గుమ్మం దగ్గర. ఒకరిద్దరు వెనక్కి తిరిగారు కూడా.

అమ్మాయి క్లిప్పులు లాగేసింది. గౌను మళ్ళీ సంచిలా జారింది.

"ఇది బొమ్మ కొలతకి కుట్టింది కాదమ్మా. నీ కొలతకి కుట్టించాను. దండెం మీద నీ గౌను తీసుకెళ్ళింది నేనే."

"ఓసి దొంగమొహమా! రెండో తాళం వేయించానే!"

ఎవరో కిసుక్కున నవ్వారు. కళ్ళద్దాలావిడ మాత్రం నవ్వలేదు. "అలాగైతే ఆవిడే తొడుక్కోవాలి. చూస్తాం," అంది.

నేనా? ఈ వయసులో, ఈ నడుముతోనా? కాదంటే కొట్టు ఆ రెండు క్లిప్పులతోనే మూతపడుతుంది. అమ్మాయి నా వైపు చూసింది. గౌను తీసుకుని తెర వెనక్కి వెళ్ళాను. చెయ్యి దూరదేమో, కుట్టు చిట్లుతుందేమో, జిప్పు సగంలో ఇరుక్కుంటుందేమో! ఏదీ జరగలేదు. దాంతో ఇంకా భయమేసింది. బయటికొచ్చి నిలబడ్డాను.

"తిరగండి," అంది కళ్ళద్దాలావిడ.

గోడ వైపు తిరిగాను. వెనక నుంచి ఏ ఉపద్రవం వస్తుందోనని బతుకంతా తిరిగి తిరిగి చూసుకున్నదాన్ని, అందరికీ వీపు చూపించి నిలబడ్డాను. ఆవిడ చెయ్యి మెడ దగ్గర పడింది. కుట్టు వెంట మెల్లగా కిందికి దిగింది. ఇక్కడ ఆగుతుంది, ఇదిగో ఇక్కడ ఆగుతుంది అనుకుంటున్నాను. ఎక్కడా ఆగలేదు.

"నాకు పొట్ట మీకంటే ఇంకొంచెం ఎక్కువ," అంది ఆవిడ గొంతు తగ్గించి. "నాకు వస్తుందా?"

"ఎందుకు రాదండీ? ఇలా నిలబడండి, కొలత తీస్తాను," అంది అమ్మాయి. గుమ్మం దగ్గర్నుంచి చెప్పుల చప్పుడు లోపలికి వచ్చింది.

కాసేపటికి అమ్మాయే అంది, "అమ్మా, ఇక ఇటు తిరగొచ్చు."

"ఉండవే, ఇంకా చూసేవాళ్ళున్నారేమో," అన్నాను. గుమ్మం దగ్గర మెట్టు ఎత్తుగా ఉంది, వచ్చేవాళ్ళు తట్టుకుని పడతారేమోనని నోటిదాకా వచ్చింది గానీ, అడిగినప్పుడు చెప్పొచ్చులే అని గోడ వైపు చూస్తూ అలాగే నిలబడ్డాను.